కారు కిటికీ అద్దం కదలకపోతే

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- మీట నొక్కగానే అద్దం ఎలా కదులుతుందో చెప్పగలుగుతారు.
- అద్దం కదలకపోతే లోపం ఎక్కడుందో వరుసగా వెతకగలుగుతారు.
- తలుపు విప్పేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు వివరించగలుగుతారు.

పరిచయం

కారు తలుపు మీది స్విచ్చి నొక్కారు. అద్దం సగం దిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కినా పైకి రాలేదు. వానాకాలమైతే సీట్లు తడుస్తాయి. రాత్రి కారును వీధిలో వదలాలంటే భయం. అద్దెకారు నడుపుకొనేవారికి ఆ రోజు సంపాదన పోయినట్టే. ఇలాంటప్పుడు చాలామంది "మోటారు పోయి ఉంటుంది" అనుకొని కొత్త సెట్టు కొంటారు. తీరా చూస్తే పోయింది చిన్న ఫ్యూజు కావచ్చు. లోపం తేలనిదే సామాను కొనకూడదు. ఈ పాఠంలో మీరు నేర్చుకోబోయే ముఖ్య విషయం ఇదే.

1. అద్దం ఎలా కదులుతుంది?

కారు బ్యాటరీ 12 వోల్టుల విద్యుత్తును ఇస్తుంది. అది ఫ్యూజు గుండా వచ్చి, తలుపు కీళ్ళ దగ్గర ఉన్న రబ్బరు గొట్టంలోని తీగల ద్వారా తలుపులోకి చేరుతుంది. స్విచ్చి దానిని మోటారుకు పంపుతుంది. పాత పద్ధతి కార్లలో మోటారుకు రెండు తీగలే ఉంటాయి. పైకి నొక్కినప్పుడు ఒక తీగ ధన కొనకు, రెండోది రుణ కొనకు కలుస్తాయి. కిందికి నొక్కితే ఇవి తారుమారవుతాయి. అందువల్ల అదే మోటారు రెండు వైపులా తిరుగుతుంది.

మోటారు తిరిగినప్పుడు అద్దాన్ని ఎత్తి దించే చట్రాన్ని రెగ్యులేటర్ అంటారు. ఇందులో కేబుల్ రకం, కత్తెర రకం అని ముఖ్యంగా రెండు రకాలున్నాయి. బాగున్న అద్దం చేత్తో నొక్కినా కిందికి దిగదు. మోటారులోని గేరు దాన్ని పట్టి ఉంచుతుంది. నెట్టగానే జారిపోతే రెగ్యులేటర్ తెగిందని అనుమానించాలి.

2. విప్పకముందే చూడండి, వినండి

తాళంచెవి తిప్పి ఆన్‌లో ఉంచండి. డ్రైవరు దగ్గరి లాక్ బటన్ నొక్కి ఉందేమో ముందు చూడండి. అది నొక్కి ఉంటే మిగిలిన తలుపుల స్విచ్చిలు పనిచేయవు. తరువాత ఈ గుర్తులు గమనించండి.

(అ) ఏ అద్దమూ కదలదు: ఫ్యూజు చూడండి.
(ఆ) ఒక అద్దం డ్రైవరు స్విచ్చితో కదులుతుంది, తన స్విచ్చితో కదలదు: ఆ తలుపు స్విచ్చి చెడింది.
(ఇ) మోటారు శబ్దం వస్తుంది, అద్దం రాదు: కేబుల్ తెగింది, లేదా అద్దాన్ని పట్టే క్లిప్పు విరిగింది.
(ఈ) అద్దం మెల్లగా, ఒరుసుకుంటూ కదులుతుంది: అద్దం జారే రబ్బరు ఎండిపోయింది. దుమ్ము తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు పూయకండి, దుమ్ము పట్టుకుంటుంది.
(ఉ) తలుపు తెరిచి మూస్తే ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు: కీళ్ళ దగ్గరి తీగ తెగి ఉండవచ్చు.

ఫ్యూజు పోతే అంతే ఆంపియర్ల ఫ్యూజునే పెట్టండి. దాని మీద అంకె రాసి ఉంటుంది. ఫ్యూజు బదులు రాగితీగ చుట్టడం ప్రమాదం. తీగలు వేడెక్కి కారు అంటుకోవచ్చు. కొత్త ఫ్యూజు కూడా వెంటనే కాలిపోతే ఎక్కడో తీగలు కలుసుకున్నాయని అర్థం.

పాఠ్యాంశ ప్రశ్నలు - 1

1. మోటారు రెండు వైపులా ఎలా తిరుగుతుంది?
2. శబ్దం వస్తూ అద్దం కదలకపోతే లోపం ఎక్కడ ఉండవచ్చు?

3. తలుపు విప్పడం

సైడ్ ఎయిర్‌బ్యాగులున్న కారైతే కంపెనీ పుస్తకంలో చెప్పినట్టే చేయండి. ఆ పుస్తకం లేకపోతే తెలిసిన మెకానిక్కుకు అప్పగించండి.

ముందుగా బ్యాటరీ రుణ కొన తీగను తీయండి. తలుపు పిడి దగ్గర, అంచుల్లో దాగి ఉన్న స్క్రూలు విప్పండి. డోర్ ప్యాడ్‌ను అడుగువైపు నుంచి మెల్లగా లాగితే క్లిప్పులు ఒక్కొక్కటే ఊడతాయి. స్విచ్చి తీగల కనెక్టరు విప్పి ప్యాడ్‌ను పక్కన పెట్టండి. వెనక ఉన్న ప్లాస్టిక్ షీటును చించకుండా ఊడదీయండి. తలుపులోకి దిగిన వాననీరు కారు లోపలికి రాకుండా ఆపేది ఆ షీటే.

మోటారుకు రెండే తీగలుంటే ఇప్పుడు పరీక్షించవచ్చు. మోటారు కనెక్టరు ఊడదీసి, తీగల వైపున్న రెండు కొనలకు 12 వోల్టుల బల్బు కలపండి. స్విచ్చిని దాని కనెక్టరుకు మళ్ళీ తగిలించి, బ్యాటరీ తీగ కలిపి, తాళంచెవి ఆన్ చేసి నొక్కండి. పైకి, కిందికి రెండుసార్లూ బల్బు వెలిగితే విద్యుత్తు సరిగా వస్తోంది, లోపం మోటారులో ఉంది. వెలగకపోతే స్విచ్చిని, తీగలను చూడాలి. ఎక్కువ తీగలుంటే అందులో ఎలక్ట్రానిక్ భాగం ఉంటుంది. ఆ మోటారుకు ఈ పరీక్ష చేయకండి.

4. జాగ్రత్తలు

రెగ్యులేటర్ విప్పేముందు అద్దాన్ని పైకి జరిపి, తలుపు చట్రానికి బలమైన టేపుతో రెండు వైపులా అంటించండి. లేకపోతే జారిపడి పగులుతుంది. కత్తెర రకంలో బిగుసుకున్న స్ప్రింగు ఉండవచ్చు. మోటారు విప్పగానే చేయి ఒక్కసారిగా విసురుకుని మీ వేళ్ళు నలగవచ్చు. కత్తెర చేతిని బోల్టుతో కట్టి ఉంచిన తరువాతే మోటారు తీయాలి. అది చేతకాకపోతే మొత్తం సెట్టునే మార్చండి.

తలుపు లోపలి రేకు అంచులు కత్తిలా ఉంటాయి. చేతికి తొడుగులు వేసుకోండి. చేతులు లోపల ఉండగా ఎవరినీ స్విచ్చి నొక్కనివ్వకండి. పని పూర్తయ్యాక ప్యాడ్ బిగించకముందే అద్దాన్ని నాలుగైదుసార్లు ఎత్తి దించి చూడండి. బ్యాటరీ తీసినందువల్ల కొన్ని కార్లలో అద్దం తనంతట తాను పూర్తిగా మూసుకోదు. దాన్ని మళ్ళీ సరిచేసే పద్ధతి కారు పుస్తకంలో ఉంటుంది.

పిల్లలను తాళంచెవి ఉన్న కారులో ఒంటరిగా వదలకండి. పైకి లేచే అద్దంలో వేళ్ళు, మెడ ఇరుక్కునే ప్రమాదం ఉంది.

కృత్యం

మీకు తెలిసిన ఒక కారు ఫ్యూజు పెట్టె మూత తీయండి. లోపలి బొమ్మ చూసి కిటికీల ఫ్యూజు ఏదో, ఎన్ని ఆంపియర్లో మీ నోటుపుస్తకంలో రాయండి.

మీరు నేర్చుకున్నది

విద్యుత్తు ఫ్యూజు, తీగలు, స్విచ్చి, మోటారు గుండా సాగుతుంది. రెగ్యులేటర్ అద్దాన్ని కదుపుతుంది. ఈ వరుసలోనే వెతికితే లోపం దొరుకుతుంది. ఖర్చు తక్కువైన పరీక్షలు ముందు, విప్పడం తరువాత, కొనడం చివర.

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

1. ధన, రుణ కొనలు తారుమారు కావడం వల్ల.
2. కేబుల్‌లో, లేదా అద్దాన్ని పట్టే క్లిప్పులో.

పాఠాంతర ప్రశ్న

మీ పొరుగువారి కారులో వెనుక ఎడమ అద్దం ఒక్కటే కదలడం లేదు. డ్రైవరు స్విచ్చి నొక్కినా చలనం లేదు, శబ్దమూ లేదు. మీరు ఏ వరుసలో వెతుకుతారు? కారణాలతో రాయండి.