నల్లమల జీవరాశియు, మన చదువును

ప్రకృతిశాస్త్రము పాఠ్యపుస్తకమునందు మాత్రమే చదువదగినదని తలంచువారు మనలో పెక్కురు గలరు. ఆఫ్రికా సింహమును గూర్చి పరీక్షలో రెండు పుటలు వ్రాయగల బాలుడు, తన యింటి పెరటిలోని వేపచెట్టుపై గూడు కట్టుకొనిన పక్షి పేరడిగినచో మిన్నకుండును. ఇది బాలుని తప్పు కాదు. మన బోధనాపద్ధతియందలి లోపము. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారికి తూర్పుదిక్కున నల్లమల కొండలు ప్రతిదినమును కన్నులకు కానవచ్చుచునే యున్నవి. ఆ కొండలలోను, వాని చెంతనున్న బీళ్లలోను ఏయే జీవులున్నవో, వానికేమి కీడు వాటిల్లుచున్నదో తెలిసికొనుట మన చదువులో ముఖ్యభాగము కావలయునని చూపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

జీవవైవిధ్యమనగా నేమి?

జీవవైవిధ్యము మూడు విధములు. ఒక ప్రదేశమున పలు జాతుల జంతువులును, వృక్షములును ఉండుట మొదటిది. ఒకే జాతిలో పలు రకములుండుట రెండవది. అడవి, బీడు, చెఱువు, వాగు మొదలగు వేర్వేరు నెలవులుండుట మూడవది. రెండవ విధమునకు దూరపు టుదాహరణము వెదకనక్కఱలేదు. 1906వ సంవత్సరమున నెలకొల్పబడిన నంద్యాల వ్యవసాయ పరిశోధనా క్షేత్రము కొఱ్ఱపంటకు పేరుగన్నది. ‘సూర్యనంది’ యను కొఱ్ఱరకము అచ్చటనే పుట్టినది. క్రొత్తరకమును పుట్టింపవలెనన్న పాతరకముల గింజలుండవలెను. తాతలనాటి విత్తనము లన్నియు నశించినచో శాస్త్రజ్ఞుడు దేనినుండి క్రొత్తది తీయగలడు?

అడవివలన మనకు కలుగు మేలును అట్లే యోచింపుడు. కొండవాలున చెట్లవేళ్లును, రాలిన యాకులును వాననీటిని నిలిపి భూమిలోనికి ఇంకజేయును. అట్లు ఇంకిన నీరే ఊటలై, వాగులై కుందూనదిని చేరుచున్నది. చెట్లు పోయినచో వాన కురిసిననాడు వఱదయు, మఱునాడు ఇసుకయు మిగులును. కాన అడవి చెంచువారికి మాత్రమే కాదు, పొలము దున్నువానికిని అన్నదాతయే.

గుత్తి పేరు పెట్టుకొనిన సాలీడు

1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఒక నీలవర్ణపు సాలీడును లోకమునకు తెలిపెను. గుత్తి రైల్వే కట్టెల అడితిలో దొరకిన యొకే యొక ఆడుసాలీడే అతని కాధారము. అందుచే దానికి గుత్తిపేరు కలిగినది. కాని తరువాత 102 సంవత్సరములవఱకు మఱియొకటి శాస్త్రజ్ఞుల కంటబడలేదు. తుదకు 2001లో నంద్యాలకును గిద్దలూరునకును నడుమనున్న అడవిలో అది మరల కనబడెను. ఆనాటి సాలీడు కట్టెలతోపాటు రైలుబండి నెక్కి గుత్తి చేరియుండునని విజ్ఞులు నిర్ణయించిరి. దాని పుట్టినిల్లు మన నల్లమలయే!

ఈ ప్రాణి వయసుమళ్లిన పెద్దచెట్ల తొఱ్ఱలలో కాపురముండి, రాత్రివేళ వెడలి పురుగులను పట్టి తినును. దాని నీలిరంగు రంగుపదార్థమువలన కలిగినది కాదు. రోమములయందలి మిక్కిలి సన్నని పొరలు వెలుతురులోని నీలికాంతిని మాత్రమే త్రిప్పి పంపుటచే మనకట్లు తోచును. నెమలిపురిలోని వన్నెయు నిట్టిదే. విషమున్నను, మనుష్యుని జూచిన తొఱ్ఱలో దూరుటయే దాని స్వభావము.

దానికి తెలిసిన నెలవు నూరు చదరపు కిలోమీటర్లకు లోపే యనియు, అందును అడవి మిక్కిలి చెడియున్నదనియు ఎంచి, అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము 2008లో దానిని అత్యంత ప్రమాదములోనున్న జాతులలో చేర్చెను. దానికి శత్రువు లిద్దరు. కట్టెలకై తొఱ్ఱచెట్టును నరకువాడొకడు. అందముచూచి పట్టి దూరదేశములలో అమ్మువాడు మఱియొకడు. ఈ వ్యాపారము నరికట్టుటకై 2019లో ఆ సాలీళ్ల ప్రజాతి యంతయు అంతర్జాతీయ ఒడంబడిక క్రిందికి తేబడినది. కాని ఒడంబడిక వాషింగ్టనులో వ్రాయబడినది. చెట్టు మన అడవిలోనున్నది. పనికిమాలిన ముసలిచెట్టని మనము తలంచునదియే ఒక జాతికి ఇల్లని తెలిసిననాడు గదా గొడ్డలి ఆగును!

కలివికోడి కథయు నిట్టిదే. 1848లో జెర్డన్ కనుగొనిన యీ పక్షి 1900 తరువాత నశించెననియే అందఱును తలంచిరి. 1986 జనవరిలో కడపసీమలో అది మరల దొరకెను. దొరకుటకు కారణము గ్రామీణుల యెఱుకయే. పండితులకు మాయమైన పక్షి పొదలలో తిరుగాడువారికి తెలిసియేయుండెను. తరువాత దాని నెలవును కాపాడుటకై తెలుగుగంగ కాలువ మార్గము సైతము మార్చబడెను. ఒక చిన్నపక్షి కొఱకు కాలువ ప్రక్కకు తొలగినదనిన, తెలివికి ఎంత బలమున్నదో గ్రహింపవచ్చును.

రోళ్లపాడు నేర్పిన పాఠము

పై రెండును సంతోషవార్తలు. ఇక దుఃఖవార్త వినుడు. బట్టమేకపిట్ట యనునది మీటరు ఎత్తుండి, పదునైదు కిలోగ్రాములవఱకు తూగగల పక్షి. ఎగురగల పక్షులలో అతిభారమైన వానిలో నొకటి. ఏటికి సాధారణముగా ఒకే గ్రుడ్డును, అదియు నేలమీద, పెట్టును. దానికొఱకే 1988లో నందికొట్కూరు ప్రాంతమున, ఇప్పటి నంద్యాల జిల్లాలో, రోళ్లపాడు అభయారణ్యము ఆఱు చదరపు కిలోమీటర్లకు మించిన గడ్డిబీటిలో నేర్పడెను. అయినను ఇటీవలి సంవత్సరములలో ఆ పక్షి యచ్చట కానవచ్చుట లేదు. దేశమంతటను రెండువందలకు లోపే మిగిలినవని అంచనా.

ఏల యిట్లాయెను? చుట్టుప్రక్కల బీళ్లు సాగుభూములాయెను. కాలువనీరు వచ్చి పంటలు మాఱెను. పురుగుమందుల వాడుకతో దాని ఆహారమైన మిడుతలు తగ్గెను. కుక్కలు గ్రుడ్లను తినెను. అన్నిటికంటె ముఖ్యముగా, జనులకును అభయారణ్యమునకును పొత్తు కుదరలేదు. కాపుదలచే కృష్ణజింకలు పెరిగి రైతుల పైరులపై పడెను. నష్టపడిన రైతునకు ‘ప్రకృతిని ప్రేమింపుము’ అని ఉపన్యసించిన ఏమి ఫలము? అతని నష్టమును తీర్చుటయు, అతని మాటను ఆలకించుటయు సంరక్షణలో భాగమే. ప్రకృతివిద్య రైతును నిందించునది కారాదు. అతనితో కలిసి యోచించునది కావలయును.

మఱియొక పాఠము గలదు. చెట్లు నాటుటయే ప్రకృతిసేవ యని మనము తఱచుగా చెప్పుచుందుము. కాని గడ్డిబీటిలో దట్టముగా చెట్లు నాటినచో బట్టమేకపిట్టకు నెలవుండదు. దూరమువఱకు చూపు సాగు బయలే దానికి రక్ష. ఏ జీవికేది హితమో తెలియక చేసిన మేలు కీడై పరిణమించును. కావుననే ఉత్సాహమునకు ముందు జ్ఞానము కావలెను.

అహోబిలము దారిలో

ఆళ్లగడ్డనుండి అహోబిలమునకు వేలకొలది యాత్రికులు పోవుచుందురు. నరసింహుడు చెంచుకన్యను పెండ్లాడెనను ఐతిహ్యము ఆ కొండలలోనిదే. చెంచువారు అడవిని ఎఱిగినవారనుట కథ మాత్రము కాదు. నాగార్జునసాగరము, శ్రీశైలముల పులుల అభయారణ్యమున అటవీశాఖవారు చెంచులను కావలివారినిగా నియమించుకొనుచున్నారు. ఏ మతమువారైనను అడవిత్రోవను నడచునపుడు రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. తిండి అంటిన ప్లాస్టికు సంచిని మ్రింగిన దుప్పికి అది జీర్ణము కాక ప్రాణాంతకమగును. వేసవిలో ఆర్పక పాఱవైచిన బీడీముక్క ఎండుటాకుల నంటి, మొలకలను, నేలగూళ్లలోని గ్రుడ్లను, తాబేళ్లను దహించును.

పాఠశాలలో చేయదగినది

పాఠశాలలలోను కళాశాలలలోను పరిసరవిద్యను తప్పనిసరి పాఠముగా నేర్పవలెనని 1991 నవంబరు 22వ తేదీన భారత సుప్రీముకోర్టు శాసించెను. 2002 జీవవైవిధ్య చట్టము గ్రామగ్రామమున జీవరాశి పట్టికలు తయారుచేయుటకు దారి చూపెను. శాసనము వాకిలి తెఱచును; లోనికి నడువవలసినవారము మనమే. విద్యార్థులు చేయదగిన పనులు కొన్నింటిని క్రింద సూచించుచున్నాము.

మొదటిది: ప్రతి తరగతియు ఒక ప్రకృతి దినచర్యాపుస్తకము నుంచవలెను. ఏ తేదీన మోదుగ పూచెను, ఏ పక్షి వచ్చెను, ఏ వాగు ఎండెను అను విషయములు వ్రాసిన, పది సంవత్సరములకు అది గొప్ప సాక్ష్యమగును.

రెండవది: తాతలను, అవ్వలను, గొఱ్ఱెలకాపరులను అడిగి చెట్ల పేర్లను, పాతవిత్తనముల పేర్లను సేకరింపవలెను. పేరు మఱచిన పిదప వస్తువును మఱచుట సులభము. ఆదాము జంతువులకు పేర్లు పెట్టెనని ఆదికాండమున చదువుచున్నాము. ఆ పేర్లను నిలుపుట మన వంతు.

మూడవది: తొఱ్ఱచెట్టును నిలువనీయవలెను, ఆవరణమున ఒక మూలను దున్నక, ఊడ్వక గడ్డికి విడువవలెను.

నాలుగవది: సాలీడును, పామును కనబడినంతనే చంపరాదు, తాకనురాదు. అరుదైన ప్రాణి కనబడినచో ఉపాధ్యాయునకును, అటవీశాఖవారికిని తెలుపవలెను గాని, దాని చోటును అందఱకును చాటరాదు. అమ్ముకొనువారును వినుచుందురు.

తల్లిదండ్రులకు నొక మనవి. మీ బిడ్డ జేబులో ఈకయో గింజయో దొరకినచో కోపింపకుడు; అది యేమిటని యడుగుడు. మీరెఱిగినది చెప్పుడు. మీరు చిన్ననాట చూచి నేడు కానరాని దేదో కలదేని దానినిగూడ చెప్పుడు.

ప్రియ విద్యార్థులారా, సృష్టికర్త నోవహునకు ఓడలో పెట్టవలసిన జీవులను అప్పగించెనని మీరు చదివియున్నారు. అందు చూపునకు సొంపైనవానిని మాత్రమే చేర్చుమని చెప్పలేదు. నల్లమల మనకప్పగింపబడిన ఓడ. బట్టమేకపిట్ట మన బీటినుండి తొలగెను. నీలిసాలీడు ఇంకను మనయొద్దనే యున్నది. దాని తొఱ్ఱ నిలుచునా కూలునా యనునది కొంతవఱకు మన చదువుపై నాధారపడియున్నది.