కంద: పేరు, పెంపకం, పాకం

‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు?’ అన్నది తెలుగువారికి తరతరాలుగా తెలిసిన సామెత. తనకు సంబంధించని విషయంలో కలుగజేసుకొనేవారిని ఉద్దేశించి చెప్పే మాట ఇది. అయితే అందులో ఒక వంటింటి సత్యం కూడా ఉన్నది. దురద కందకూ లేదు, కత్తిపీటకూ లేదు. కోసే చేతికి, సరిగా ఉడకని ముక్కను తిన్న గొంతుకు ఉన్నది.

పేరు తెలిసి కొనడం

16వ శతాబ్దిలో మదురై నాయక రాజ్యం ఏర్పడిన నాటి నుండి మదురై, కోయంబత్తూరు ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు స్థిరపడుతూ వచ్చాయి. ఇంట్లో తెలుగు మాట్లాడినా అంగడిలో తమిళ పేర్లే వాడుక. కొత్తగా వచ్చినవారు తికమకపడేది ఇక్కడే. ‘సేనైక్కిళంగు’ అంటే కంద. ‘సేప్పంకిళంగు’ అంటే చేమదుంప. ‘పిడికరుణై’ వేరొక చిన్న దుంప. దాని దురద మరింత తీవ్రం. ఖాళీ స్థలాలలోను, కొండ అంచులలోను దానంతట అది మొలిచిన అడవి కందను తవ్వి వండడం ప్రమాదకరం.

దురదకు కారణం

కందలో కాల్షియం ఆగ్జలేట్ అనే పదార్థం సూదుల వంటి సన్నని స్ఫటికాలుగా ఉంటుంది. అవి చర్మానికి, నాలుకకు, గొంతుకు గుచ్చుకొని మంట పుట్టిస్తాయి. అందుకే చేతులకు నూనె రాసుకొని కోయడం, ముక్కలను చింతపండు నీటిలో మెత్తగా ఉడికించి ఆ నీటిని పారబోయడం మన పెద్దల పద్ధతి. సగం ఉడికిన ముక్కను పిల్లలకు రుచి చూపరాదు. తిన్న తరువాత నోరు వాచినా, ఊపిరి కష్టమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మూత్రపిండాలలో రాళ్ళున్నవారు వైద్యుని అడిగిన పిమ్మటే కంద తినడం మేలు.

పెంచే విధానం

దురద తక్కువగా ఉండే ‘గజేంద్ర’ రకం గోదావరి తీరంలోని కొవ్వూరు పరిశోధన స్థానం నుండి వచ్చినదే. నేడు అది అనేక రాష్ట్రాలలో సాగవుతున్నది. ఇంటి పెరట్లో నాటడానికి అర కిలో ముక్క చాలు. దుంప నడినెత్తిన ఉండే మొలక భాగం ప్రతి ముక్కకూ కొంత రావాలి. ముక్కలను పేడనీటిలో ముంచి నీడన ఆరబెట్టి, చైత్ర వైశాఖాలలో నాటాలి. మొక్కకు మొక్కకు సుమారు 90 సెంటీమీటర్ల ఎడం అవసరం. గుంతను మట్టితోను, బాగా మాగిన ఎరువుతోను నింపాలి. వంటింటి చెత్తతో చేసిన ఎరువు ఇందుకు పనికివస్తుంది. పెరడు లేనివారు పెద్ద సంచిలోను పెంచవచ్చు. ఈశాన్య రుతుపవన వర్షాలకు మొదట్లో నీరు నిలిస్తే మొక్క కుళ్ళుతుంది కాబట్టి నీరు జారిపోయే దారి ఉంచాలి.

భూమి పైకి గొడుగు వంటి ఆకు ఒక్కటే లేస్తుంది. ఎనిమిది తొమ్మిది నెలలకు అది పసుపుబారి వాలిపోతుంది. చచ్చిపోయిందని మొక్కను పారవేయరాదు. దుంప పక్వమైనదనడానికి అదే గుర్తు. తవ్విన దుంపలలో ఒకదానిని గాలి తగిలే నీడలో దాచుకొంటే వచ్చే ఏటికి అదే విత్తనం.

వంట

గోదావరి జిల్లాల శుభకార్యాలలో ఆవ పెట్టిన కంద బచ్చలి కూరకు ప్రత్యేక స్థానం ఉన్నది. ఉడికిన కంద, బచ్చలి, చింతపండు పులుసు కలిపి, చివర ఆవముద్ద చేర్చి దించుతారు. తమిళనాట సేనై వరువల్ ప్రసిద్ధం. ఉడికించిన పలుచని ముక్కలకు కారం పట్టించి పెనం మీద వేయిస్తారు. ఒకే దుంప, రెండు పాకాలు. ఈ రెండు పేర్లూ పిల్లలకు నేర్పితే ఇంట్లో మాట నిలుస్తుంది, అంగడిలో పొరపాటు తప్పుతుంది.