ఎం.ఎస్‌.డబ్ల్యూ. చదవాలనుకుంటున్నారా? ఫీజు సంగతి ముందే తెలుసుకోండి

ఏం నేర్పుతారు?
మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్ రెండేళ్ల పీజీ కోర్సు. నాలుగు సెమిస్టర్లు. క్లాసుతో పాటు ఫీల్డ్ వర్క్ తప్పనిసరి. బస్తీలకు, ఆసుపత్రులకు, స్వచ్ఛంద సంస్థలకు వెళ్లాలి, చూసింది, చేసింది రాసి చూపించాలి. పింఛను ఆగిన అవ్వకు వంద రూపాయలిచ్చి రావడం సోషల్ వర్క్ కాదు. ఎందుకు ఆగిందో కనుక్కొని, మళ్లీ వచ్చేదాకా ఆమెకు తోడు నిలవడం సోషల్ వర్క్.

సీటు ఎలా?
తెలంగాణలో సీపీగెట్ రాయాలి. ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో సీటు ఇస్తారు. ఉస్మానియా, కాకతీయ యూనివర్సిటీల్లో ఈ కోర్సు ఉంది.

ఫీజు ఎవరు కడతారు?
అర్హులైన ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, ఈబీసీ విద్యార్థులు ఈపాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, మీ పేరు మీదున్న బ్యాంకు ఖాతా సిద్ధంగా పెట్టుకోండి.

ఇక్కడే చాలామంది నష్టపోతారు
• మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్ సీట్లకు ఈ పథకం వర్తించదు. "సీటు ఇప్పిస్తాం, ఫీజు గవర్నమెంటే కడుతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి.
• దూరవిద్యలో చేరినా రాదు.
• ఇప్పటికే ఒక పీజీ చేసినవాళ్లకు రెండో పీజీకి రాదు.
• హాజరు 75 శాతం ఉండాలి. కూలికో, పార్ట్‌టైమ్ పనికో వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. ఫీల్డ్ వర్క్ రోజుల హాజరు ఎలా వేస్తారో చేరిన రోజే కాలేజీలో అడగండి.

అడ్మిషన్ డబ్బు కట్టేముందు మీ జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో ఒక్కసారి కనుక్కోండి. అడగడానికి మొహమాటపడకండి.