నడుముకు బలం

అన్నయ్య అంగడి నుండి ఒక చిన్న చక్రం తెచ్చాడు. దాని ఇరుసుకు రెండు వైపులా పిడులున్నాయి. దానిని ఆబ్ రోలర్ అంటారు. మొదటి రోజే చాలా దూరం తోశాడు. నడుము పట్టేసింది!

మామయ్య ఇలా చెప్పారు:

"తోసేది చేతులైనా అసలు పని పొట్టది. నడుము కిందికి జారకుండా పొట్ట కండరాలే ఆపాలి. అవి అలసిపోతే భారం వెన్ను మీద పడుతుంది. వెడల్పైన చక్రమైతే పక్కలకు ఒరగదు. పిడులు చేతిలో జారకూడదు. నొప్పి పూర్తిగా తగ్గాక గోడకు ఎదురుగా, దుప్పటి మడత మీద మోకాళ్ళు ఆనించు. పొట్ట బిగించి నెమ్మదిగా తోయి. చక్రం గోడకు తగిలి ఆగుతుంది. ఊపిరి వదులుతూ వెనక్కు లాగు. ఐదారు సార్లు చాలు. రోజు విడిచి రోజు చెయ్యి. బలం పెరిగిన కొద్దీ గోడకు దూరం జరుగు."

అన్నయ్య అలాగే చేశాడు. ఇప్పుడు గోడకు రెండు జానలు వెనక్కు జరిగాడు. నడుము నొప్పి మళ్ళీ రాలేదు.

కొత్త మాటలు
ఇరుసు: చక్రం మధ్యనుండే కడ్డీ
జాన: చాచిన బొటనవేలి నుండి చిటికెనవేలి దాకా ఉన్న కొలత

ప్రశ్నలు
1. అన్నయ్య నడుము ఎందుకు పట్టేసింది?
2. గోడ వలన ఉపయోగమేమి?