సొట్టలా, కొత్త రంగా?

ప్రశ్న: మాది అమీర్‌పేట, ఉద్యోగం పంజాగుట్టలో. నాగార్జునసాగర్‌లో చేపలు పట్టే మా బాబాయికి పాత అల్యూమినియం పడవ కొనాలి. ఒకటి కాకినాడ తీరంలో నడిచింది, కొత్తగా రంగేశారు. రెండోది చెరువులో తిరిగింది, సొట్టలున్నాయి. ధర ఒకటే. ఏది మేలండీ?

జవాబు: సొట్టలదే తీసుకోండి. సొట్ట కంటికి కనిపిస్తుంది, పగులు లేకపోతే దానివల్ల ప్రమాదం లేదు. భయపడాల్సింది ఉప్పునీటికే. స్టీలు బోల్టు తగిలిన చోట అల్యూమినియాన్ని ఉప్పునీరు గుంటలు గుంటలుగా తినేస్తుంది. ఆ గుంటల్ని కొత్త రంగు కప్పేస్తుంది. రాగి కలిసిన రంగయితే రేకు మరింత త్వరగా పాడవుతుంది.

అయినా ఫొటోలు చూసి అడ్వాన్సు పంపకండి. పడవను దిమ్మెల మీద పెట్టించి, లోపల జానెడు లోతు నీళ్లు పోయించండి. రివెట్ల దగ్గర, అతుకుల వెంట చెమ్మ దిగితే కింద కనిపిస్తుంది. మోటారు బిగించే వెనక చెక్కను స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. మెత్తగా దిగిందంటే చెక్క కుళ్లినట్టే, మార్పించే ఖర్చు ధరలో తగ్గించమనండి. బాబాయిగారిని వెంట తీసుకెళ్లండి, రోజూ నీళ్లమీద ఉండే మనిషి చూపు వేరు. లైఫ్ జాకెట్లకు డబ్బు ముందే పక్కన పెట్టండి.