చివరి ఘడియల్లో మంచం దించాలా, మెషిన్ ఆపాలా?



పెద్దవాళ్లకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు మన ఇళ్లలో రెండు గొడవలు లేస్తున్నాయి. మనిషిని మంచం దించి నేల మీద పడుకోబెట్టాలా అన్నది పాత గొడవ. ఐసీయూలో వెంటిలేటర్ తీయమనాలా, ఉంచమనాలా అన్నది కొత్త గొడవ.

మొదటిదానికి జవాబు తేలిక. మన చుట్టుపక్కల హిందూ కుటుంబాల్లో ప్రాణం పోయే మనిషిని నేల మీదికి దించి, నోట్లో తులసి తీర్థం పోసి, తల దగ్గర దీపం పెడతారు. అది వాళ్ల నమ్మకం, మనం తప్పు పట్టకూడదు. మన సిక్కు రెహత్ మర్యాదా మాత్రం మంచం మీద ఉన్నవాళ్లను దించవద్దని, దీపం, గోదానం వద్దని చెబుతుంది. పక్కన కూర్చుని గుర్బాణీ చదవాలి, లేదా వాహెగురు నామం జపించాలి, అంతే. నేల మీద పడుకోబెట్టడం కోసం ఆసుపత్రిలో ట్యూబులు తీయించి ఆదరాబాదరాగా ఇంటికి తేనక్కరలేదు. ఐసీయూ మంచం కూడా మంచమే.

రెండోది కష్టం. 1945లో ఖరారైన మర్యాదాలో వెంటిలేటర్ ప్రస్తావన ఉండదు. గురువుల బోధ నుంచే ఆలోచించుకోవాలి. రావడం, పోవడం హుకుం. అలాగని వైద్యమే వద్దనేవాళ్ల మాట వినకండి. గురు అర్జన్ దేవ్ జీ తరన్ తారన్‌లో కుష్ఠురోగులకు ఆశ్రయం కట్టించారు. గురు హర్‌కృష్ణ జీ 1664లో ఢిల్లీలో మశూచి రోగులకు సేవ చేశారు. నయమయ్యే రోగానికి చివరిదాకా వైద్యం చేయించాల్సిందే.

ఇక నయం కాదని డాక్టర్లు తేల్చాక మెషిన్‌తో ఊపిరి సాగదీయడం మా దృష్టిలో వైద్యం కాదు. దాన్ని ఆపడం అమ్మానాన్నలను వదిలేయడమూ కాదు. బాధ చూడలేక ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయమనడం మాత్రం పూర్తిగా వేరు. అది హుకుంను మన చేతిలోకి తీసుకోవడం. చట్టం కూడా ఒప్పుకోదు. ఎంతోమంది ఈ తేడా తెలియక, జనం ఏమంటారోనన్న భయంతో కొలిమి సామాను తాకట్టు పెట్టి బిల్లులు కడుతున్నారు.

నయం కాని స్థితిలో ఇలాంటి వైద్యం వద్దని ముందే రాసి పెట్టుకోవచ్చని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2023లో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరణ చేయిస్తే చాలు. మాట నడుస్తుండగానే, ఇంట్లో అందరూ ఉన్న రోజున పెద్దవాళ్లను అడగండి. 'అశుభం మాట్లాడకు' అంటారు. అయినా అడగండి.

మార్ఫిన్ సంగతి కూడా చెప్పాలి. అది నల్లమందు నుంచి వచ్చేదని, మత్తు మనకు నిషిద్ధమని కొందరు క్యాన్సర్ రోగికి ఇవ్వనివ్వరు. మర్యాదా నిషేధించింది మత్తు అలవాటును. నొప్పికి డాక్టరు కొలిచి ఇచ్చేది మందు. దంతాలు బిగబట్టి మూలిగే మనిషికి నామం మీద మనసు ఎలా నిలుస్తుంది? హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఇందుకోసం పాలియేటివ్ కేర్ విభాగమే ఉంది.

ఆసుపత్రిలో చేర్చిన రోజే నర్సుకు రెండు మాటలు చెప్పండి: అడగకుండా కేశాలు కత్తిరించవద్దని, చేయి వాచి కడా తీయాల్సివస్తే ఇంటివాళ్ల చేతికే ఇవ్వాలని. ప్రాణం పోయాక స్నానం చేయించేటప్పుడు కంఘా, కచ్ఛెరా, కడా, కిర్పాన్ ఒంటి మీద నుంచి తీయకూడదు. తీసిన కడా ఉంటే అప్పుడు మళ్లీ తొడగండి.