సముద్రం నుంచి కరెంటు: సర్కారు సాయం ఎవరికి, ఎంతవరకు?

అలల నుంచి, ఆటుపోట్ల నుంచి విద్యుత్తు తీసే పరిశోధనలకు కేంద్రం డబ్బిస్తుందని చాలామంది వినే ఉంటారు. ఎవరికిస్తుంది, ఎంతిస్తుంది, బదులుగా ఏం లెక్క అడుగుతుంది, ఆ సముద్రం మీదే బతికేవాళ్ల మాట ఎక్కడ చెల్లుతుంది అన్న వివరాలు మాత్రం ఒకచోట దొరకవు. ఇంజనీరింగ్ విద్యార్థులు, చిన్న కంపెనీలవాళ్లు, మత్స్యకార సంఘాలవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలకు ఇవీ జవాబులు.

సముద్ర శక్తి కింద ప్రభుత్వం వేటిని లెక్కేస్తుంది? సముద్రంలో నిలబెట్టే గాలిమరలు కూడా వస్తాయా?

ఆటుపోట్లు, అలలు, సముద్రంలో పైనీటికీ లోతునీటికీ మధ్య ఉండే వేడి తేడా వంటి వాటితో తీసే విద్యుత్తును పునరుత్పాదక శక్తిగానే చూస్తామని కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ 2019 ఆగస్టులో స్పష్టం చేసింది. డిస్కంలు తప్పనిసరిగా కొనాల్సిన పునరుత్పాదక విద్యుత్ వాటాలో సౌరేతర విభాగం కింద దీన్ని చూపించుకోవచ్చని కూడా చెప్పింది. అంటే గుర్తింపు దొరికింది, ధర దొరకలేదు. యూనిట్‌కు ఇంత ఇచ్చి కొంటామన్న హామీ అందులో ఎక్కడా లేదు. కింద చెప్పబోయే చాలా చిక్కులకు మూలం ఇక్కడే ఉంది.

గాలిమరల దారి వేరు. వాటికి 2015లో జాతీయ విధానం వచ్చింది, 2023లో లీజు నిబంధనలు వచ్చాయి. గుజరాత్, తమిళనాడు తీరాల్లో 500 మెగావాట్ల చొప్పున పెట్టడానికి 2024 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ రూ.7,453 కోట్ల పథకానికి ఆమోదం తెలిపింది. ఆ లీజు నిబంధనలు గాలికే, అలలకు పనికిరావు.

పరిశోధనకు డబ్బు ఏ శాఖ నుంచి వస్తుంది?

ముఖ్యంగా రెండు తలుపులు. ఒకటి పైన చెప్పిన ఇంధన శాఖ నడిపే పునరుత్పాదక ఇంధన పరిశోధన, సాంకేతికాభివృద్ధి కార్యక్రమం. 2021-22 నుంచి 2025-26 వరకు దీనికి కేటాయింపు రూ.228 కోట్లు. సౌర, పవన, బయోగ్యాస్, హైడ్రోజన్ అన్నీ ఆ మొత్తంలోనే పంచుకోవాలి. సముద్రానికి విడిగా గీసిన గీత లేదు.

రెండోది భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, అంటే ఎన్‌ఐఓటీ, దీని కిందే పనిచేస్తుంది. 2021 జూన్‌లో ఐదేళ్లకు రూ.4,077 కోట్లతో ఆమోదం పొందిన డీప్ ఓషన్ మిషన్‌లో ఐదో అంశం సముద్రం నుంచి శక్తి, మంచినీరు. ఆ మిషన్ పేరు వినగానే అందరికీ మనుషుల్ని లోతుకు తీసుకెళ్లే జలాంతర్గామి గుర్తొస్తుంది. ఈ ఐదో అంశం గురించి పత్రికల్లో రాసేవాళ్లు తక్కువ. దీవుల్లో ఉండేవాళ్లకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

వీటికి తోడు మౌలిక పరిశోధనకు అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఉంది. ప్రయోగశాల దశ దాటిన ప్రైవేటు ప్రాజెక్టులకు తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక నిధులిచ్చే లక్ష కోట్ల రూపాయల పథకానికి 2025 జులైలో ఆమోదం దక్కింది. ఇంధన భద్రత అందులో పేర్కొన్న రంగాల్లో ఒకటి.

మాది చిన్న స్టార్టప్. ఖర్చంతా ఇస్తారా?

ఇవ్వరు. ఇంధన శాఖ కార్యక్రమంలో ప్రభుత్వ సంస్థలకు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు నూటికి నూరు శాతం దాకా ఇస్తారు. పరిశ్రమలకు, స్టార్టప్‌లకు, ప్రైవేటు విద్యాసంస్థలకు గరిష్ఠంగా 70 శాతం. రెండు కోట్ల ప్రాజెక్టుకు 70 శాతం మంజూరైందనుకుంటే మిగతా 60 లక్షలు మీరు తెచ్చుకోవాలి. ‘దాకా’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. గరిష్ఠం అందరికీ రాదు. ఒక విశ్వవిద్యాలయంతో కలిసి దరఖాస్తు చేసుకుంటే అలల తొట్టె, కొలత పరికరాలు, లెక్కలు కట్టే మనుషులు అక్కడే దొరుకుతారు. మీ వాటా డబ్బు సముద్రంలోకి దించే పనికి మిగులుతుంది. అసలు ఖర్చు అక్కడే ఉంటుంది: లంగరు, గొలుసు, పడవ అద్దె, ఈతగాళ్లు, తుప్పు.

గ్రాంటు ఎవరికీ హక్కుగా రాదు. నిపుణుల కమిటీ చూసి, మెచ్చితేనే వస్తుంది. అదీ పరిశోధనకే గాని కరెంటు అమ్ముకునే ప్లాంటు కట్టడానికి కాదు.

తీసుకున్న డబ్బుకు లెక్క ఎలా చెప్పాలి?

2017 నాటి సాధారణ ఆర్థిక నియమాలు (జీఎఫ్‌ఆర్) వర్తిస్తాయి. ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల్లోపు జీఎఫ్‌ఆర్ 12-ఏ ఫారంలో వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. అది ఇవ్వకుండా తర్వాతి వాయిదా అడగడం దండగ. బ్యాంకులో ఉన్న గ్రాంటు మీద వచ్చిన వడ్డీ మీది కాదు, ఖజానాకు తిరిగి కట్టాలి. గ్రాంటుతో కొన్న యంత్రాన్ని ముందస్తు అనుమతి లేకుండా అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. కాగ్ తనిఖీకి పుస్తకాలు తెరిచి ఉంచాలి.

సముద్రం పనిలో ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. తుపానుకు తెగి కొట్టుకుపోయిన పరికరం రిజిస్టరులో ఆస్తిగానే కూర్చుని ఉంటుంది. అందుకే దించిన రోజు ఫొటోలు, జీపీఎస్ గుర్తులు, వాతావరణ హెచ్చరికల ప్రతులు, పోయిన వెంటనే శాఖకు రాసిన ఉత్తరం, అన్నీ ఒకే ఫైల్లో దాచుకోండి. బీమా ఖర్చును బడ్జెట్‌లో మొదటే అడగండి. ఆఖర్న అడిగితే ఎవరూ ఇవ్వరు.

కనిపెట్టినదాని మీద పేటెంట్ ఎవరిది?

మంజూరు ఉత్తర్వులో ఏం రాసి ఉంటే అది. సంతకానికి ముందు ఆ పేరా ఒకటికి రెండుసార్లు చదవండి, భాగస్వామి విశ్వవిద్యాలయంతో వాటా విడిగా కాగితం మీద పెట్టుకోండి. పేటెంట్ ఫీజులో స్టార్టప్‌లకు, విద్యాసంస్థలకు 80 శాతం తగ్గింపు ఉంది.

ఇన్నేళ్లలో ఏం సాధించారు? ఇదంతా మా డబ్బే కదా?

అడగాల్సిన ప్రశ్నే. కేరళలోని విళింజంలో ఐఐటీ మద్రాస్ 1991లో 150 కిలోవాట్ల అలల ప్లాంటు నడిపించింది. బ్రేక్‌వాటర్ పక్కన నీళ్లలో నిలబెట్టిన కాంక్రీటు గది అది. అల లోపలికొస్తే గదిలో నీటిమట్టం లేచి గాలిని పైకి తోస్తుంది. అల వెనక్కి పోతే గాలి మళ్లీ లోపలికి దూసుకొస్తుంది. గాలి ఎటు వీచినా ఒకే వైపు తిరిగే వెల్స్ టర్బైన్ గది పైన ఉండేది. ప్రపంచంలో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టే రోజుల్లో మనవాళ్లు కట్టారు. వర్షాకాలంలో బాగా తిరిగేది, మిగతా నెలల్లో అల సరిపోయేది కాదు. చివరికి మూతపడింది.

తర్వాత తూత్తుకుడి దగ్గర సాగర్‌శక్తి అనే బార్జి మీద, సముద్రపు వేడి తేడాతో నడిచే ఒక మెగావాట్ ప్లాంటు పెట్టాలని ఎన్‌ఐఓటీ చూసింది. లోతుల్లోంచి చల్లనీళ్లు తోడే సుమారు కిలోమీటరు గొట్టాన్ని దించడంలోనే ఆ ప్రయత్నం చతికిలబడింది. కానీ ఆ నేర్చుకున్నది వృథా పోలేదు. 2005లో లక్షద్వీప్‌లోని కవరత్తిలో అదే సంస్థ రోజుకు లక్ష లీటర్ల మంచినీళ్లిచ్చే ప్లాంటు పెట్టింది. పైనున్న గోరువెచ్చని నీటిని గాలి పీల్చేసిన గదిలోకి వదిలితే కొంత ఆవిరవుతుంది. సుమారు 350 మీటర్ల లోతునుంచి తెచ్చిన చల్లనీటితో ఆ ఆవిరిని చల్లారిస్తే ఉప్పు లేని నీరు. ఇప్పుడు ఆ పంపులకు కావాల్సిన కరెంటు కూడా సముద్రపు వేడి తేడా నుంచే తీయడానికి 65 కిలోవాట్ల ప్లాంటు చేపట్టారు. బావినీళ్లు ఉప్పెక్కిన దీవిలో బిందె పట్టుకు నిలబడే ఆడవాళ్లకు దాని విలువ మెగావాట్లలో చెప్పనక్కర్లేదు.

ఆటుపోట్ల కథ మాత్రం బాధగానే ఉంటుంది. పశ్చిమ బెంగాల్ సుందర్బన్స్‌లోని దుర్గాదువానీ పాయ మీద 3.75 మెగావాట్లు, గుజరాత్ కచ్ సింధుశాఖలో 50 మెగావాట్లు అనుకున్నారు. మొదటిదాని అంచనా రూ.238 కోట్లు, అంటే మెగావాట్‌కు అరవై మూడు కోట్ల పైమాట. రెండోది రూ.750 కోట్లు. ఖర్చు భరించలేక రెండూ వదిలేశారు. వదిలేయడం తప్పని నేననను. ఒక్కసారిగా పెద్ద ప్లాంటు తలకెత్తుకుని, ధర చూసి బెదిరి, చిన్న ప్రయోగం కూడా చేయకుండా ఫైలు మూయడం మాత్రం తప్పే. 2022 నవంబరులో ఐఐటీ మద్రాస్ పరిశోధకులు తూత్తుకుడి తీరానికి ఆరు కిలోమీటర్ల దూరంలో దించిన సింధుజ-1 వంద వాట్లిచ్చే పరికరం. చూడ్డానికి ఒక బల్బు వెలుగు, కానీ మొదలుపెట్టాల్సింది అక్కణ్నుంచే.

సముద్రంలో పరికరం దించాలంటే ఎవరి అనుమతి కావాలి?

రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం ప్రాదేశిక జలాల కింది సంపద, ప్రత్యేక ఆర్థిక మండలంలోని వనరులు కేంద్రానివి. 1976 నాటి సముద్ర మండలాల చట్టం ఏడో సెక్షన్ 200 నాటికల్ మైళ్ల వరకు ఆటుపోట్లు, గాలులు, ప్రవాహాల నుంచి శక్తి తీసే హక్కును పేరు పెట్టి కేంద్రానికే ఇచ్చింది. ఆ మండలంలో లైసెన్సు గానీ ఒప్పందం గానీ లేకుండా కట్టడం నిలబెట్టినా, పరిశోధన చేసినా మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. విదేశీ భాగస్వామి ఉన్నవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

తీరానికి దగ్గరలో, పన్నెండు నాటికల్ మైళ్ల లోపు, 2019 తీర నియంత్రణ మండల (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ వర్తిస్తుంది. ఆ నీళ్లు నాలుగో మండలం. రాష్ట్ర తీర మండల నిర్వహణ ప్రాధికార సంస్థ సిఫారసు చేస్తే కేంద్ర పర్యావరణ శాఖ అనుమతిస్తుంది. పగడపు దిబ్బలు, మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక మేటలు మొదటి మండలంలో అన్నిటికన్నా కఠినమైన విభాగంలో ఉంటాయి. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ లాంటి చోటు మీద కన్ను వేయకుండా ఉండటమే మేలు. ఓడరేవు పరిధిలోనైతే పోర్టు అనుమతి, నౌకాదళం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కూడా పట్టుకోవాలి.

మేం వేటకెళ్లే చోట వాటిని పెడితే మా గతేమిటి?

వ్రాతలో మీకున్న బలం మీరనుకునేదాని కంటే ఎక్కువ. పైన చెప్పిన ఏడో సెక్షన్‌లోనే, భారత పౌరుల చేపలవేటకు ఈ లైసెన్సు నిబంధన వర్తించదని రాసి ఉంది. నాలుగో మండలంలో అనుమతించే పనుల్లో స్థానికుల సంప్రదాయ వేటను సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ పేర్కొంది. ప్రాదేశిక జలాల్లో చేపలవేట రాష్ట్ర జాబితాలోది, అందువల్ల మత్స్యశాఖను పక్కనపెట్టి ఈ వ్యవహారం నడవకూడదు.

పరిహారం దగ్గరికొస్తే చిక్కు. నీటి మీద వేట నష్టానికి ఇంత అని కట్టించే ప్రత్యేక చట్టం లేదు. కానీ ఒడ్డున కేబుల్ దిగడానికో, సబ్‌స్టేషన్‌కో భూమి సేకరిస్తే 2013 భూసేకరణ చట్టం వర్తిస్తుంది. అందులో ‘బాధిత కుటుంబం’ అంటే పట్టా ఉన్నవాళ్లే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా నీటి వనరుల మీద ఆధారపడి బతుకుతూ, ఆ సేకరణ వల్ల జీవనోపాధి దెబ్బతిన్న మత్స్యకారులు, పడవ నడిపేవాళ్లు కూడా. కాబట్టి బోటు రిజిస్ట్రేషను, మత్స్యకార సొసైటీ సభ్యత్వం, చేపలు అమ్మిన చీటీలు దాచుకోండి. మీ రేవు, వలలు ఆరేసే చోటు, చేపలు ఎండబెట్టే మైదానం తీర మ్యాపులో ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ప్రాజెక్టు వచ్చాక చూసుకుంటే ఆలస్యమవుతుంది.

పరిశోధకులకు కూడా ఒక మాట. ఎక్కడ వల చిక్కుకుంటుందో, ఏ నెలలో నీటి వాలు ఎటు లాగుతుందో మీ కంప్యూటర్ కంటే ముందు రేవులో పెద్దలకు తెలుసు. డిజైను అయ్యాక సమాచారం ఇవ్వడానికి కాదు, చోటు ఎంచుకునేటప్పుడే అడగడానికి వాళ్ల దగ్గరకు వెళ్లండి.

ఆంధ్ర తీరానికి ఇందులో ఏమైనా ఉందా?

ఆటుపోట్లతో కరెంటు అంటే గుజరాత్‌ను చూడాలి. ఖంభాత్ సింధుశాఖలో పోటుకూ పాటుకూ నీటిమట్టం తేడా పదకొండు మీటర్ల వరకు ఉంటుంది. విశాఖలో రెండు మీటర్లు కూడా ఉండదు. మనకు అలలు, లోతునీటి చల్లదనం పనికొచ్చే దారులు. ఎక్కడ ఎంత ఉందో చూడాలంటే హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, తయారుచేసిన సముద్ర శక్తి అట్లాస్ తెరవండి. వేటగాళ్లకు చేపలున్న చోట్లు చెప్పేది ఆ సంస్థే. ఒకే బల్ల మీద ఈ రెండు మ్యాపులూ ఒకదానిపై ఒకటి పరిచి చూడగల అవకాశం ఇక్కడ ఉంది. ఆ పని విద్యార్థులు ప్రాజెక్టుగా చేసినా మంచి ఫలితం వస్తుంది.

ఇంకేం చేస్తే ఈ పరిశోధన సముద్రం దాకా వెళ్తుంది?

నా ఉద్దేశంలో రెండు: పరీక్షించుకునే చోటు, కొనే ధర. స్కాట్లాండ్‌లోని ఆర్క్నీ దీవుల్లో 2003 నుంచి ఒక పరీక్షా కేంద్రం నడుస్తోంది. కేబుల్ వేసి, అనుమతులు తెచ్చి సిద్ధంగా ఉంచారు. ఎవరైనా తమ పరికరం తెచ్చి తగిలించి చూసుకోవచ్చు. ఇక్కడ ప్రతి స్టార్టప్ అనుమతులన్నీ మళ్లీ మొదటినుంచి తెచ్చుకోవాలి. ధర విషయంలో బ్రిటన్ 2022 వేలంలో ఆటుపోట్ల ప్రవాహ విద్యుత్తుకు ఏడాదికి 2 కోట్ల పౌండ్లు విడిగా పెట్టింది. 40.82 మెగావాట్లకు ఒప్పందాలు కుదిరాయి. అది చవక ధర కాదు, మెగావాట్-అవర్‌కు 2012 ధరల్లో 178.54 పౌండ్లు. అయినా పెట్టారు, ఎందుకంటే కొనేవాడు లేకుండా ఏ యంత్రమూ చవకవదు. మనం వంద మెగావాట్లు అడగనక్కర్లేదు. డీజిల్ కాల్చే దీవులకు, ఓడరేవుల్లోని దారి చూపే బోయాలకు, తీర పరిశోధన కేంద్రాలకు సరిపడా కొన్ని మెగావాట్లను విడిగా వేలం వేసినా ఎంతో ముందడుగు.

మా ఊరి దగ్గర ఏదో సర్వే పడవ తిరుగుతోంది. ఎవరిదో, దేనికో ఎలా తెలుసుకోవాలి?

ముందు మత్స్యశాఖ జిల్లా కార్యాలయంలో అడగండి. పర్యావరణ అనుమతి దరఖాస్తులు పెట్టే పరివేష్ పోర్టల్లో వెతకండి. ఆ రెండుచోట్లా తేలకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఆ ఫీజూ లేదు. తెలుగులోనే రాయవచ్చు. ఎంత గ్రాంటు ఇచ్చారు, ఎవరికిచ్చారు, ఏ షరతులతో ఇచ్చారు, ఏ అక్షాంశ రేఖాంశాల మధ్య పని చేస్తారు అని విడివిడిగా అడగండి. కంపెనీ వాణిజ్య రహస్యమని డిజైను ఇవ్వకపోవచ్చు. ప్రజాధనం ఎంత వెళ్లిందన్నది ఆ రహస్యం కిందికి రాదు. తప్పు కార్యాలయానికి పంపినా ఐదు రోజుల్లో వాళ్లే సరైన చోటికి పంపాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత ముప్పై రోజుల్లోపు అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి.